రెండోసారి కూడా తిరిగి రావాలి: మా ప్లాస్టిక్ షెడ్డు డైరీ

ఫిబ్రవరి: ఏం చేయబోతున్నాం

పారేసిన సీసా మూతలు, ద్రవ సబ్బు డబ్బాలు ఏరాలి. వాటిని కరిగించి గట్టి షీట్లు చేయాలి. ఆ షీట్లతో క్రేట్లు కట్టాలి. ఆ క్రేట్లలో, మళ్ళీ నింపుకునే సీసాలు షెడ్డుకీ ఇళ్ళకీ మధ్య తిరగాలి. ఈ ఏడాదికి మా చిన్న బృందం పెట్టుకున్న పని ఇదీ. విడివిడిగా చూస్తే మూడు పనులు. అయితే మొదటిది చేసి ఊరుకుంటే, చెత్తలోకి పోవాల్సిన ప్లాస్టిక్‌ని కొన్నాళ్ళు ఆపి మళ్ళీ చెత్తలోకే పంపినట్టవుతుంది. అందుకని మూడూ కలిపే మొదలుపెట్టాం.

దీని వెనక ఒక లెక్క ఉంది. 2017లో రోలాండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లావెండర్ లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1950 నుంచి 2015 దాకా ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ అంతటికీ లెక్క కట్టారు. మొత్తం 830 కోట్ల టన్నులు. అందులో 2015 నాటికే చెత్తగా మారింది దాదాపు 630 కోట్ల టన్నులు. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చేసింది 12 శాతం. మిగతా 79 శాతం దిబ్బల్లోనో, నేల మీదో, నీళ్ళలోనో పడి ఉంది. ఈ 9 శాతం మాట చాలామంది చెప్తారు. నన్ను వదలకుండా పట్టుకున్నది మాత్రం దాని పక్కనే ఉన్న ఇంకో మాట: రీసైకిల్ అయిన ఆ కాస్త దాంట్లో కూడా ఒకటికన్నా ఎక్కువ సార్లు తిరిగింది పదో వంతే. సీసా ఒకసారి పైపో, కుర్చీయో, బట్టలో పోగో అవుతుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునేవాళ్ళు ఉండరు. ఉన్నా, అప్పటికి అది పనికొచ్చే రూపంలో ఉండదు.

అందుకే ఏ వస్తువు చేయాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకుందాం అనుకున్నాం: ఇది విరిగాక మళ్ళీ ప్లాస్టిక్‌ని ముక్కలు చేసే మన క్రషర్‌లోకే రాగలదా? దీనికి ఔనని చెప్పాలంటే కొన్ని పట్టింపులు తప్పవు. ఒక వస్తువులో ఒకే రకం ప్లాస్టిక్ ఉండాలి. రంగు పూయకూడదు, జిగురు వాడకూడదు, మేకులు, స్క్రూలు దిగకూడదు. ప్రతి ముక్క మీదా అది ఏ ప్లాస్టికో గుర్తు వేయాలి. ఇంకొకటి, తినే వస్తువుకీ, పసిపిల్లల నోటికీ తగిలేది ఏదీ చేయకూడదు. మా దగ్గరికి వచ్చే డబ్బాలో ఇంతకుముందు ఏముందో మాకు తెలీదు కదా. ఈ చివరి విషయంలో ఎవరు ఎంత అడిగినా మాట మార్చేది లేదు.

మార్చి: ఏరడం

ఈ పనిలో మెషీన్లే ముఖ్యం అనుకునేవాళ్ళు ఒక పూట మా ఏరే బల్ల దగ్గర కూర్చుంటే చాలు. పనిలో సగానికి పైగా ఇక్కడే జరుగుతుంది. షీటు బాగా వస్తుందా రాదా అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది.

డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్, నీళ్ళ సీసాలు చేసేది. 2 హెచ్‌డీపీఈ, సబ్బు డబ్బాలు, షాంపూ సీసాలు. 3 పీవీసీ. 4 ఎల్‌డీపీఈ, పల్చటి సంచులు. 5 పీపీ, అంటే పాలీప్రొపిలీన్. 6 పాలీస్టైరీన్. 7 అంటే వీటిలో ఏదీ కానిది. ఈ అంకెలు 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ళ సంఘం మొదలుపెట్టింది. అప్పట్లో అంకె చుట్టూ ఒకదాన్నొకటి తరిమే బాణాలు వేశారు. ఆ బాణాలు చూసి ఇది రీసైకిల్ అవుతుందని జనం నమ్మారు. నిజానికి ఆ గుర్తు చెప్పేది ఒక్కటే, ఇది ఏ రకం ప్లాస్టిక్ అని. 2013లో ప్రమాణాల సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టమంది. అయినా పాత అచ్చులతో చేసిన బాణాల డబ్బాలు మా బల్ల మీదికి ఇంకా వస్తూనే ఉన్నాయి.

అంకె ఉన్నవాటితో బాధ లేదు. చిక్కంతా మూతలతోనే. చాలా మూతల మీద ఏ గుర్తూ ఉండదు. ఉన్నా భూతద్దం కావాలి. మూతల్లో ఎక్కువ భాగం హెచ్‌డీపీఈ లేదా పీపీ. ఈ రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, రెండూ నీళ్ళలో తేలతాయి. కరిగే వేడి మాత్రం వేరు. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల దగ్గర కరిగితే, పీపీకి 160 దాటాలి. పైగా కరిగాక కూడా ఒకదాంట్లో ఒకటి కలవవు. కలిపి పోస్తే షీటు పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే పొరలు పొరలుగా విడిపోతుంది.

ఏళ్ళ తరబడి తుక్కు ఏరే పనిలో ఉన్న పెద్దావిడ ఒకరు మాతో చేరారు. మేమంతా పెద్దమ్మా అని పిలుస్తాం. మా కుర్రాడొకడు మూత లోపలి అంకె కోసం టార్చి వేసి వెతుకుతుంటే ఆవిడ చేతిలోంచి తీసుకుని, "నెంబరు ఉంటేనే తెలుస్తుందా బాబూ? గోరు పెట్టి గీకి చూడు. గీత పడి, వేలికి మైనంలా జారుతోందంటే ఇటు వెయ్యి. గోరుకి లొంగకుండా గట్టిగా మెరుస్తుంటే అటు" అన్నారు. సీసాని చేత్తో నలిపితే వచ్చే చప్పుడుతోనే పెట్ అవునో కాదో చెప్పేస్తారు. వంచితే పెళుక్కున విరిగేది పాలీస్టైరీన్. వంచిన చోట తెల్లబడినా విరక్కుండా ఉండేది పీపీ. ఆవిడ చేతి వేగం చూశాక, ఈ విద్యకి తగ్గ గౌరవం, తగ్గ జీతం లేకుండా ప్లాస్టిక్ గురించి ఎన్ని పెద్ద మాటలు మాట్లాడినా లాభం లేదని గట్టిగా అనిపించింది. ప్రపంచంలో చాలా చోట్ల రీసైక్లింగ్‌కి చేరే ప్లాస్టిక్‌లో పెద్ద భాగం ఇలాంటి చేతుల మీదుగానే వెళ్తోంది.

ఆవిడకి కూడా అనుమానం వచ్చిన మూతలకి నూనె పరీక్ష పెడుతున్నాం. నీళ్ళ సాంద్రత 1 అయితే, మామూలు వంటనూనెది సుమారు 0.92. పీపీ సాంద్రత 0.90 నుంచి 0.91, హెచ్‌డీపీఈది 0.94 నుంచి 0.97. మూత అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, గాజు గ్లాసులో నూనె పోసి అందులో వేయాలి. ముక్కకి అంటుకున్న గాలి బుడగల్ని పుల్లతో నొక్కి పోగొట్టాలి, లేదంటే హెచ్‌డీపీఈ కూడా తేలుతుంది. నూనె చిక్కన కాబట్టి కాస్త ఆగి చూడాలి. మెల్లగా అడుక్కి దిగితే హెచ్‌డీపీఈ, పైకొస్తే పీపీ. రంగుపొడి ఎక్కువున్న మూతలు, సుద్దలాంటి పొడి కలిపిన మూతలు ఈ పరీక్షకి సరిగ్గా లొంగవు. అలాంటివి పక్కన పెట్టేస్తాం. నూనెలో ముంచిన ముక్కని మళ్ళీ గుట్టలో కలపం.

పీవీసీ విషయంలో మాత్రం ఎక్కడలేని జాగ్రత్త. వేడి చేస్తే అందులోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరికీ ముప్పే, మెషీన్ ఇనుముకీ ముప్పే. పీవీసీ సాంద్రత 1.3 పైన కాబట్టి నీళ్ళలో మునిగిపోతుంది. అందువల్ల తేలినవి మాత్రమే లోపలికి అన్న నియమం పెట్టుకుంటే చాలా వరకు అదే ఆగిపోతుంది. మాకు కావలసిన రెండు రకాలూ తేలేవే కావడం కలిసొచ్చింది.

మార్చి చివర: అసలు మూతలు విడిగా ఏరాలా?

మూతలు పోగుచేసి తెస్తామని చాలామంది ముందుకొస్తున్నారు. అందరికీ ముందు ఒక మాట చెప్తున్నాం: సీసాకి బిగించి ఉన్న మూతని తీయకండి, బిగించే ఇవ్వండి. పెట్ సీసాలు రీసైకిల్ చేసే పెద్ద ప్లాంట్లలో సీసాని మూతతో సహా ముక్కలు చేసి నీళ్ళలో వేస్తారు. 1.38 సాంద్రత ఉన్న పెట్ మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి. రెండూ వేటి దారిన అవి వెళ్తాయి. విడిగా పారేసిన మూత చిన్నది కావడంతో పెద్ద ప్లాంట్ల జల్లెడల్లోంచి జారి చెత్తలో కలుస్తుంది, లేదా గాలికి కొట్టుకుపోయి కాలువలో తేలుతుంది. యూరప్‌లో 2024 జులై నుంచి 3 లీటర్ల లోపు డ్రింకు సీసాలకి మూత ఊడిపోకుండా సీసాకే అంటుకుని ఉండాలని నియమం పెట్టింది ఇందుకే.

కాబట్టి మాకు కావలసినవి అప్పటికే విడిపోయిన మూతలు, మళ్ళీ వాడటానికి వీల్లేని డబ్బాల మూతలు. వీటి కోసమని ఎవరూ మంచి సీసాల మూతలు ఊడదీయక్కర్లేదు. మా గుట్ట పెరగడం కంటే పెద్ద ప్లాంటుకి వెళ్ళే దారి చెడకుండా ఉండటం ముఖ్యం.

ఏప్రిల్: ముక్కలు, కడుగు నీళ్ళు

క్రషర్ సిద్ధమైంది. జల్లెడ కన్నాలు 8 మిల్లీమీటర్లవి పెట్టాం. 2013లో డేవ్ హాకెన్స్ మొదలుపెట్టిన ప్రెషస్ ప్లాస్టిక్ ప్రాజెక్టు వాళ్ళు మెషీన్ల డ్రాయింగులు ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టారు. మా క్రషర్‌కి ఆధారం అదే, బ్లేడ్ల దగ్గర మాత్రం మా అవసరానికి కొంచెం మార్చుకున్నాం.

గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, రెండు తొట్లు. లేబుళ్ళ జిగురు పోవడానికి రాత్రంతా నానబెడుతున్నాం. కడగడం గురించి ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు. కడిగాక ఆ నీళ్ళు ఏం చేశామన్నదే అసలు విషయం. ప్లాస్టిక్‌ని ముక్కలు చేసినప్పుడల్లా కంటికి కనపడని పొడి పుడుతుంది. ఆ నీళ్ళని కాలువలోకి వదిలేస్తే, పెద్ద చెత్త ఏరి సన్న చెత్తని మనమే నదికి పంపినట్టు. అందుకని కడుగు నీళ్ళు ముందు ఒక డ్రమ్ములో నిలవ ఉంటాయి. పైకి తేలిన పొడిని సన్నటి నైలాన్ గుడ్డతో దేవుతాం. మిగతా నీళ్ళు ఒకదాని కింద ఒకటి పెట్టిన వడపోత గుడ్డల్లోంచి దిగుతాయి. అవే నీళ్ళు మళ్ళీ మొదటి తొట్టిలోకి వెళ్తాయి. అడుగున చేరిన బురదని పారబోయం, ఆరబెట్టి సంచిలో కట్టి ఉంచుతున్నాం. పైన దేవిన పొడి మాత్రం ఆరాక షీటు మధ్యలో వేసుకోవచ్చు, అది కూడా అదే ప్లాస్టిక్ కదా.

పెట్‌ని మేము ముట్టుకోకపోవడానికి కారణం కూడా ఈ నీళ్ళే. పెట్‌లో కాస్త తడి మిగిలినా, 250 డిగ్రీలు దాటి కరిగేటప్పుడు ఆ నీరే దాని అణువుల పొడవాటి గొలుసుల్ని తెంపేస్తుంది, సరుకు పెళుసుబారుతుంది. ఫ్యాక్టరీల్లో పది లక్షల పాళ్ళకి 50 పాళ్ళ లోపుకి తడి దించి గానీ కరిగించరు. మా షెడ్డులో అది అయ్యే పని కాదు. హెచ్‌డీపీఈ తడిని పీల్చుకోదు, పైన నీళ్ళు ఆరితే చాలు.

మే: షీటు

అచ్చు అంటే రెండు ఉక్కు పలకలు, మధ్యలో 1 సెంటీమీటరు మందం ఉన్న ఫ్రేము. లోపలి కొలత 60 సెంటీమీటర్లు పొడవు, అంతే వెడల్పు. ఎంత సరుకు వేయాలన్నది ముందే లెక్క కట్టొచ్చు: 60 ఇంటూ 60 ఇంటూ 1, అంటే 3,600 ఘన సెంటీమీటర్లు. దాన్ని 0.95తో గుణిస్తే 3.4 కిలోలు. అంచుల్లోంచి కారేదానికి కాస్త ఎక్కువ వేస్తాం. సీసా మూత ఒకటి 2, 3 గ్రాములుంటుంది కాబట్టి ఒక్క షీటులో వెయ్యికి పైగానే మూతలు ఉంటాయి. ఈ లెక్క విన్న ప్రతి ఒక్కరూ ఒకసారి ఆగిపోయి షీటుని చేత్తో తడిమి చూస్తున్నారు.

అచ్చుని ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర ఉంచుతాం. 200 దాటనివ్వం. దాటితే ప్లాస్టిక్ చెడటం మొదలై ఘాటైన పొగలు వస్తాయి. పొగలు బయటికి లాగే ఫ్యాను వేయకుండా హీటరు స్విచ్ వేయకూడదన్నది షెడ్డులో మొదటి నియమం. ప్లాస్టిక్‌లోకి వేడి చాలా మెల్లగా దిగుతుంది. పలకలు కాలిపోతున్నా మధ్యలో ముక్కలు ఇంకా ముక్కల్లానే ఉంటాయి. అందుకని వేడి కొలిచే థర్మోకపుల్ తీగ కొస షీటు మధ్యలో ఉండేలా పెట్టి, పలకల వేడి ఎంతున్నా పట్టించుకోకుండా, మధ్యలో వేడి 160 దాటాకే జాకీతో నొక్కుతున్నాం.

ఇక్కడొక సంగతి బాగా అర్థమైంది. కరిగిన హెచ్‌డీపీఈ సాంద్రత సుమారు 0.76, గట్టిపడ్డాక 0.95. అంటే చల్లారేటప్పుడు దాని పరిమాణం దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. ఆ తగ్గుదలకి తోడుగా పలకలు కిందికి దిగుతూ ఉండాలి, లేకపోతే షీటు మీద గుంతలు పడతాయి. జాకీని ఒకసారి బిగించి వదిలేస్తే కుదరదు. చల్లారుతున్నంతసేపూ ఒత్తిడి పడిపోకుండా కొంచెం కొంచెం బిగిస్తూనే ఉండాలి. దీనికోసం జాకీకీ పలకకీ మధ్య బలమైన స్ప్రింగులు పెట్టాం. ఇప్పుడు మనిషి పక్కనే నిలబడక్కర్లేదు.

మొదట్లో వచ్చిన షీట్లు ఒక పక్కకి వంపు తిరిగాయి. కింది పలక ఇనుప బల్లకి ఆని ఉండటంతో త్వరగా చల్లారింది, పైది ఆలస్యమైంది. ముందు చల్లారిన వైపు ముందు గట్టిపడుతుంది, తర్వాత చల్లారే వైపు ముడుచుకుంటూ షీటుని తనవైపు లాగేస్తుంది. ఇప్పుడు రెండు వైపులా ఒకే మందం చెక్క పెట్టి, నీళ్ళు చల్లకుండా, దానంతట దాన్నే ఆరనిస్తున్నాం. చదునుగా వస్తున్నాయి. తీసిన తర్వాత ఒక రోజు బరువు కిందే ఉంచుతున్నాం.

అంకె ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటే కాదని కూడా ఇక్కడే తెలిసింది. మూతా 2, షాంపూ సీసా కూడా 2. కానీ మూతలు అచ్చులోకి వేగంగా పారే రకంతో చేస్తారు. సీసాలు గాలి ఊది చేస్తారు, ఊదేటప్పుడు కరిగిన గొట్టం సాగి జారిపోకుండా నిలబడాలి కాబట్టి చిక్కటి రకం వాడతారు. రెండూ కలిపి పోసినప్పుడు మూత ముక్కలు ఫ్రేము అంచుల దాకా పారితే, సీసా ముక్కలు వేసిన చోటే మొరాయించి కూర్చున్నాయి. షీటు విరగలేదు, కానీ అంచుల్లో ఖాళీలు మిగిలాయి. ఆ తర్వాత నుంచి రెండిటికీ వేరు వేరు డబ్బాలు పెట్టాం. సీసా ముక్కలతో చేసిన షీటు నునుపు తక్కువ, కానీ సుత్తి దెబ్బకి కూడా బీటలివ్వదు.

రంగులు కూడా వేరు చేస్తున్నాం. అన్నీ కలిపేస్తే బూడిదరంగు వస్తుంది, తర్వాత దాన్ని ఏ రంగులోకీ తేలేం. నీలం నీలంగానే ఉంటే రేపు ఆ షీటు విరిగినా నీలం షీటే అవుతుంది.

జూన్, జులై: క్రేటు

ముందు అల్మారా పలకలు చేద్దామనుకున్నాం. లెక్క చూశాక మానేశాం. హెచ్‌డీపీఈ బిగువు చెక్కలో పదో వంతు. అంతేకాదు, బరువు పెట్టి ఉంచితే నెలల తరబడి మెల్లగా కుంగుతూనే ఉంటుంది. క్రేటులో అయితే బరువు నిలువు గోడల మీద పడుతుంది, అడుగు వెడల్పు తక్కువ. దీని గుణానికి అదే సరిపోతుంది.

హెచ్‌డీపీఈకి మామూలు జిగురు ఏదీ అంటదు. మాకు అది వరమే అయింది, జిగురు వాడకూడదన్న మాట మీద గట్టిగా నిలబడ్డాం. అంచుల్ని పళ్ళలా కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి, మూలల్లో వేడి గాలి గన్నుతో వెల్డింగ్ చేస్తున్నాం. వెల్డింగ్ కర్రకి బదులు అదే షీటు నుంచి కోసిన సన్నటి పట్టీ కరిగించి నింపుతున్నాం. అలా ఏ మూల చూసినా ఒకే ప్లాస్టిక్. కాల్చిన ఉక్కు అచ్చుతో ప్రతి గోడ మీదా త్రికోణంలో 2 అంకె, పోసిన నెల ముద్ర వేస్తున్నాం. కోసేటప్పుడు రాలే రజను, చివర ముక్కలు అన్నీ వెంటనే అదే రంగు డబ్బాలోకి వెళ్తాయి.

క్రేట్లు ఎండలో వదలొద్దని తీసుకెళ్ళే వాళ్ళందరికీ చెప్తున్నాం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ ప్లాస్టిక్‌ని పైనుంచి పెళుసుగా చేస్తాయి. పెళుసైన పొర పొడిగా రాలడమే మైక్రోప్లాస్టిక్ పుట్టడం.

ఆగస్టు: పక్కన పెట్టిన గుట్ట

మా షెడ్డులో వెనక మూల ఒక గుట్ట ఉంది. మాకు పనికిరానివన్నీ అక్కడ చేరతాయి. నెల నెలా దాన్ని కూడా తూకం వేస్తున్నాం. వాడుకున్న సరుకు కంటే ఆ గుట్టే ఎక్కువ చెప్తుందని నా నమ్మకం.

మెరిసే పాకెట్లు, సాషేలు: ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పూత, మళ్ళీ ఇంకో రకం ప్లాస్టిక్, మధ్యలో జిగురు. చేత్తో విడదీయలేం, కరిగిస్తే ముద్ద. నల్ల ట్రేలు: నలుపుకి వాడే బొగ్గుపొడి పరారుణ కాంతిని మింగేస్తుంది, దాంతో పెద్ద ప్లాంట్లలో ఏరే మెషీన్లకి అవి కనపడవు. పంపు మూతలు: బయటంతా పీపీ, లోపల ఒక ఉక్కు స్ప్రింగు, కొన్నిటిలో గాజు గోలీ. సీసా నిలువునా తొడిగిన పీవీసీ లేబుళ్ళు: సీసా మంచి పెట్ అయినా ఈ తొడుగు వల్ల మొత్తం చెడుతుంది. వీటిలో ఏదీ మా పనితనంతో బాగుపడేది కాదు. తయారుచేసే ముందే డిజైన్ గీసే బల్ల దగ్గర మారాలి. పంపుల్లో లోహం లేకుండా అంతా ప్లాస్టిక్‌తోనే చేసే రకాలు ఇప్పటికే ఉన్నాయి. నలుపు కావాలంటే బొగ్గుపొడి లేని రంగులూ ఉన్నాయి.

ఈ నెలలోనే, అంటే 2025 ఆగస్టులో, జెనీవాలో ప్లాస్టిక్ ఒప్పందం కోసం దేశాలు కూర్చుని, ఏకాభిప్రాయం లేకుండానే లేచాయి. 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ ఈ ఒప్పందం చేయాలని తీర్మానించింది. అప్పటి నుంచి పెద్ద గొడవ ఒకటే. తయారీకీ, డిజైన్‌కీ కూడా హద్దులు పెట్టాలా, చెత్త సర్దుకోవడం గురించి మాత్రమే రాయాలా అన్నది. మా వెనక మూల గుట్ట చూసినవాళ్ళకి జవాబు తెలుసు. చెత్త వైపు నుంచి ఎంత కష్టపడినా ఆ గుట్ట ఒక్క పాకెట్టు కూడా తగ్గదు. వార్త చదివిన రోజు షెడ్డులో అందరం కాస్త దిగులుపడ్డాం. ఆ బాధ ఇంకా ఉంది.

అక్టోబరు: సీసాలు తిరుగుతున్నాయి

మందపాటి ద్రవ సబ్బు డబ్బా ఒక్కసారి వాడి పారేసేంత బలహీనమైన వస్తువు కాదు. దాన్ని కరిగించడం కంటే కడిగి నింపడమే ఎంతో మేలు. కరిగించాలంటే వేడి కావాలి, ముక్కలు చేసినప్పుడు పొడి పుడుతుంది, గుణం కొంత తగ్గుతుంది. నింపితే ఇవేవీ లేవు. అందుకే బాగున్న డబ్బాలన్నీ క్రషర్‌కి పంపకుండా పక్కకి తీసి, పెద్ద డ్రమ్ము నుంచి సబ్బు నింపి, మా క్రేట్లలో ఇళ్ళకి పంపుతున్నాం. ఖాళీవి అదే క్రేటులో వెనక్కొస్తాయి. సబ్బున్న డబ్బాలో సబ్బే పోస్తాం. హెచ్‌డీపీఈ వాసనల్ని, నూనెల్ని పీల్చుకుంటుంది. కిరసనాయిలు, పురుగుమందు వాసన వచ్చిన డబ్బాని మూత కూడా తీయకుండా వేరే పెట్టేస్తాం.

ఇందులో మమ్మల్ని పట్టి కూర్చోబెట్టిన లెక్క ఒకటుంది. ప్రతి విడతలోనూ 100 సీసాలకి 90 తిరిగొస్తే, ఒక సీసా సగటున 10 సార్లు వాడినట్టు. 95 వస్తే 20 సార్లు. 98 వస్తే 50 సార్లు. 95కీ 98కీ మధ్య తేడా చూడటానికి మూడే, కానీ సీసా ఆయుష్షు రెండింతలు దాటిపోతుంది. సీసాని ఇంకా మందంగా చేసినా, ఇంకా మంచి సరుకుతో చేసినా ఈ లాభం రాదు. తిరిగి రావడాన్ని సులువు చేయాలి. ఇలా చూశాక డిపాజిట్ పెట్టడం మీద మాలో ఉన్న మొహమాటం పోయింది. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే డ్రింకు సీసాలకీ, క్యాన్లకీ తప్పనిసరి డిపాజిట్ ఉంది. అక్కడ వాటిలో 95 శాతానికి పైగా తిరిగొస్తాయి. జనం బుద్ధిమంతులా కాదా అన్న చర్చ అక్కర్లేదు. సీసా ఇచ్చిన చోట డబ్బు వెనక్కొస్తే సీసా కూడా వస్తుంది.

మాకు కనబడిన ఇంకో విషయం, తీసుకునే చోటే ఖాళీది ఇచ్చేసేలా ఉండాలి. ఖాళీ డబ్బా కోసం వేరే రోజు, వేరే చోటికి రమ్మంటే ఎంత మంచి మనసున్నవాళ్ళకైనా కుదరదు. పెద్దమ్మ ఈ పని కూడా తనే చూసుకుంటానన్నారు. "నేనైతే ఖాళీది పెట్టకుండా నిండుది చేతికివ్వను" అన్నారు. ఆవిడ బల్ల దగ్గరున్న రోజుల్లో సీసాలు బాగా వస్తున్నాయి.

నవంబరు: మళ్ళీ కరిగించాం

ఫిబ్రవరిలో వేసుకున్న ప్రశ్నకి ఇప్పుడు పరీక్ష. కింద పడేసి, బరువు మోపి, కావాలనే బాగా వాడిన ఒక నీలం క్రేటుని వెల్డింగ్ మూలలతో సహా కోసి క్రషర్‌లో వేశాం. స్క్రూ ఊడదీయాల్సిన పని లేదు, జిగురు గీకాల్సిన పని లేదు, నీళ్ళు పోసి దుమ్ము కడిగితే అయిపోయింది. ఏరే బల్ల దగ్గర ఇంత కష్టం పడ్డాక, ఏరే పనే లేని సరుకు చేతికి రావడం మా అందరికీ పెద్ద ఊరట.

ఆ ముక్కలతోనే మళ్ళీ షీటు పోశాం. రంగు కొంచెం మసకబారింది. పారడంలో పెద్ద తేడా తెలీలేదు. అదే షీటుని ఇంకోసారి, ఆపైన ఇంకోసారి ముక్కలు చేసి పోస్తూ చూస్తున్నాం. వంపు పరీక్షకి ప్రతి విడతలోనూ ఒక పట్టీ కోసి, నెల రాసి, గోడకి తగిలిస్తున్నాం. పీపీ మూతలతో చేసిన పట్టీలు కూడా పక్కనే ఉన్నాయి. వాటిలో తేడా ముందే బయటపడింది. వేడికి పీపీ గొలుసులు తెగి పొట్టివవుతాయి, కరిగితే ఇంకా పల్చగా పారుతుంది, గట్టిపడ్డాక పెళుసుదనం వస్తుంది. హెచ్‌డీపీఈ ఆ విషయంలో ఓర్పు ఎక్కువున్న సరుకు. కాబట్టి పదే పదే దెబ్బలు తినే క్రేట్లకి హెచ్‌డీపీఈ, పెద్దగా కదలని చిన్న వస్తువులకి పీపీ అని తేల్చుకున్నాం. పాత షీటు ముక్కల్లో మూడో వంతు తాజా మూతల ముక్కలు కలిపితే వంపులో తేడా దాదాపు తెలియట్లేదు.

ఇక డిసెంబరుకి పనులు: క్రేటు అడుగు పలకలన్నీ సీసా ముక్కలతో, గోడలు మూత ముక్కలతో పోయాలి. సన్న పట్టీల కోసం 6 మిల్లీమీటర్ల ఫ్రేము చేయమని ఇచ్చాం, అది రాగానే వెల్డింగ్ పట్టీలు కోసుకునే పని తగ్గుతుంది. వడపోత గుడ్డల కింద చేరిన బురద సంచులు నాలుగోది నిండబోతోంది. దాన్ని ఏం చేయాలో తేలేదాకా కొత్త తొట్టి కొనకూడదనీ, కడిగే సరుకు పెంచకూడదనీ అందరం అనుకున్నాం.